జుట్టుకి స్టీలు సామాను

ఆకివీడు దగ్గర రొయ్యల షెడ్డులో
తెల్లారగట్ల ఐదింటికి
అందరం నీలం టోపీలు తొడుక్కుంటాం.
తలలు లెక్కెడతాడు సూపర్‌వైజరు.
పెట్టెలో ఒక్క వెంట్రుక దొరికిందా
సరుకంతా వెనక్కొస్తుందని
గోడ మీద బొమ్మేసి మరీ రాశారు.

ఆ ఎండాకాలం టోపీ విప్పితే
లోపల పిట్టగూడు.

రొయ్య తల తుంచడం నాకు చేతనైన పని,
గంటకి ఎన్ని కేజీలన్నా సరే.
నా తలే ఇలా
ఎవరూ తుంచకుండా పోతుంటే
ఏ కాటాలో వెయ్యను?

నీళ్ళే అంది తోటికోడలు సత్తెవేణి:
"చెరువులు తవ్వాక బోరు ఉప్పెక్కింది,
సబ్బు నురగే రాదు,
జుట్టు మాత్రం ఏం నిలుస్తుందే?"
దిష్టి అంది గన్నెమ్మ.
గుంటగలగరాకు కాచి పోసింది అత్త,
దిండు గలీబంతా పచ్చబడింది.
ఉల్లిరసం పూసుకున్న రోజున
మా ఆయన అరుగు మీద పడుకున్నాడు.

ఆడపడుచు మొగుడు చినకాపుకి
ముప్పై దాటకుండానే నుదురు
ఏటిగట్టులా రెండు పక్కలా కోసుకుపోయింది.
"మా తాత దగ్గర్నించి వచ్చిన ఆస్తి వదినా,
పంపకాలక్కర్లేదు, అందరికీ సమానం" అంటాడు.
భీమవరంలో సీసా కొన్నాడు,
పూటకో మిల్లీ, రెండు పూటలా.
ఆర్నెల్లకి నూగు మొలిచింది.
విసుగొచ్చి మానేశాడు. నూగూ మానేసింది.
"అద్దె కొంప లాంటిది,
కడుతున్నంతకాలమే మనది" అని
టోపీ సర్దుకుని నవ్వాడు.
ఆ నవ్వు చూసి నాకు నవ్వు రాలేదు.

చర్మం డాక్టరమ్మ నా తల కంటే ముందు
గోళ్ళు చూసింది, కనురెప్ప లాగి చూసింది.
"మూడు నెలల కిందట జ్వరమేమైనా వచ్చిందా?"
వచ్చింది. టైఫాయిడ్డు. పదహారు రోజులు.
అప్పుడు ఒక్క వెంట్రుకా రాల్లేదండీ, అన్నాను.
"అప్పుడు రాలదు, ఇప్పుడే రాలుతుంది."

అర్థమైంది నాకు.
లాకులు దించేసిన సంగతి
శివారు పొలానికి అందరికంటే ఆఖర్న తెలుస్తుంది.

ఇంకో మాటడిగింది, గొంతు తగ్గించి:
"నెలకెన్ని రోజులు పోతుంది?"
పది, అన్నాను.
పన్నెండు, అన్నాను.
ఎన్నాళ్ళ నుంచంటే
చిన్నాడు పుట్టిన కాడి నుంచి.
ఇంట్లో ఎవరూ అడగలేదు,
నేనూ చెప్పలేదు,
జుట్టు వెళ్ళి చెప్పేసింది.

రక్తం ఏడున్నర.
ఒంట్లో వంతులు వేశారన్నమాట,
గుండెకి ముందు, చేతులకి తర్వాత,
నెత్తి శివారు ఆయకట్టు.

ఐరన్ మాత్రలు రాసింది.
పక్క వీధిలో ఆడవాళ్ళ డాక్టరుకి చీటీ రాసింది.
మాత్రేసుకున్నాక గంట దాకా టీ తాగొద్దంది.
పదింటి టీ ఒక్కటే మా షెడ్డులో వేడిగా ఉండేది.
తల గడ్డకట్టి పోతున్నా
గ్లాసు గన్నెమ్మకి ఇచ్చేస్తున్నాను.

దువ్వెనకి వచ్చినదంతా ఉండలు చుట్టి
చూరులో దోపుతూ వచ్చాను.
శ్రావణంలో సైకిలొచ్చింది,
"సవరం జుట్టుకి స్టీలు సామానోయ్" అని.
ఏసోబు తూచాడు, ముక్కుతో వాసన చూశాడు,
"ఉల్లిపాయా?" అన్నాడు.
బేరం చేశాను. ఆడదాని ఏడుపు
నూట అరవై గ్రాములు తూగింది.
మూత లేని గిన్నె ఇచ్చాడు.

అందులోనే మునగాకు పప్పు, అందులోనే
ఆదివారం కోడి కార్జం.
అడుగు తొందరగా మాడే రకం గిన్నె,
అయినా పారెయ్యబుద్ధి కాదు.

పాపిడి ఇంకా వెడల్పుగానే ఉంది.
ఈ వారం నుంచి మాత్రం
నుదుటి దగ్గర వేలెడు వెంట్రుకలు
టోపీ కింద ఇమడట్లేదు.
"లోపలికి తొయ్యమ్మా వరాలూ" అరుస్తాడు సూపర్‌వైజరు.
తడి గ్లవుజుతో తోస్తాను.

లేస్తాయి.