మూడువందల నాలుగు, మూడు రాత్రులు

సెప్టెంబరులో ఎవరూ రారు మా తీరానికి.
తుఫాను నెల. విమానాలు ఖాళీగా దిగుతాయి.
"వాడని కుళాయిలు తుప్పు కక్కుతాయి, అన్సెల్మా!
మీవాళ్ళని తెచ్చుకుని మూడు రాత్రులు ఉండిపోరాదూ"
అంది మేనేజరమ్మ, నన్నే సాయం అడుగుతున్నట్టు.

పదకొండేళ్ళుగా తెలిసిన ఫ్లాటు.
ఏ టైలు కింద చీమలు కాపురమున్నాయో,
బాల్కనీ తలుపు ఎక్కడ మొరాయిస్తుందో,
మోకాలితో ఎంత తోస్తే కదులుతుందో, అన్నీ తెలుసు.
తెలియనిదల్లా
ఆ మంచం మీద పడుకుంటే ఏం కనిపిస్తుందో.

సేన్ బైట్ నుంచి నడిచినా గంట పట్టదు.
అయినా టియొడోరో బట్టలు ఇస్త్రీ చేయించాడు,
చక్రాలబండిలో రోలూ రోకలీ ఎక్కించాడు.
"సెలవులకెళ్ళేవాళ్ళు రోలు మోసుకెళ్తారా?" అన్నాను.
"వాళ్ళకి రోలు లేదు గనక మోసుకెళ్ళరు" అన్నాడు.

గేటు దగ్గర వేడ్, నాతో బడిలో చదివినవాడు,
నవ్వకుండా అందరికీ కాగితం కంకణాలు కట్టాడు.
మా నిషెల్ మణికట్టుకి అది రెండు చుట్లు తిరిగింది.
నిద్రలో కూడా విప్పనివ్వలేదు.

ఇరవై అడుగుల్లో సముద్రం.
పుట్టిన దగ్గర్నుంచీ అందులోనే నానిన పిల్లలు
దాని వైపు వీపు తిప్పి
నీలం కొలనులోకి దూకారు.
"అమ్మా, కళ్ళు మండట్లేదు!" అని డెర్విన్ కేక.
పరిగెత్తరాదు అని బోర్డుంది.
నిషెల్‌కి ఇంకా చదువు రాదు. పరిగెత్తింది.

సాయంత్రం హుదుత్ వండాం.
కొబ్బరిపాలలో చేప ఉడుకుతుంటే
ఉడికిన అరటికాయల్ని రోట్లో వేసి దంచాడాయన.
ప్రతి పోటుకీ అల్మారాలో గాజు గ్లాసులు
పళ్ళు కొరికాయి. నా గుండె కూడా.
తలుపు చప్పుడైంది. వేడ్.
"ఫిర్యాదు వచ్చింది."
"ఎవరిది?"
"నా ముక్కుది" అని కంచం ముందు కూలబడ్డాడు.

రాత్రి నిద్ర పడితేనా.
దుప్పటి అంచు జారితే చేతులు ఊరుకోవు.
"కాలెత్తు" అన్నాను. నిద్రలోనే ఎత్తాడు పాపం.
అంచు బిగించి, మడిచి, మళ్ళీ వెల్లకిలా పడుకుని
చూద్దును కదా,
పైకప్పు మూలన చెమ్మ మరక,
అచ్చం పీత డెక్కలా.

ఫ్యాను రెక్కలు తుడిచిన చేయే ఇది.
అద్దంలో వేలిముద్ర వదలని కన్నే ఇది.
పదకొండేళ్ళు కిందికే చూశానా నేను?
ఇక్కడ పడుకున్నవాళ్ళంతా చూసే ఉంటారు.
ఒక్కరూ చెప్పలేదు.

అతిథుల పుస్తకం తిరగేశాను.
స్వర్గం, స్వర్గం, మళ్ళీ స్వర్గం.
పిల్లలు ఏడ్చారు వెళ్ళనని.
అన్సెల్మాకి ధన్యవాదాలు. నా పేరు
మూడు రకాలుగా రాశారు, మూడూ తప్పే.
పెన్ను మూత తీసి చాలాసేపు కూర్చున్నాను.
చివరికి ఇంతే రాశాను:
"పడగ్గది పైకప్పు మూలన మరక ఉంది.
పడుకుంటేనే కనిపిస్తుంది."
పేరు పెట్టలేదు.

నాలుగో పొద్దున పిల్లల్నీ రోలునీ బండెక్కించి పంపి
బాత్రూములో యూనిఫాం తొడుక్కున్నాను.
దుప్పట్లు దులిపితే రాలిన ఇసుక
ఎప్పటిలానే ఉంది.
మాదని చెప్పే గుర్తేదీ లేదు దానికి.

నవంబరులో మనిటోబా నుంచి ఒక కుటుంబం దిగింది.
మరకకి రంగు వేయిస్తానన్న మేనేజరమ్మ మరిచేపోయింది.
తువ్వాళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డానా,
లోపల నలుగురూ మంచానికి అడ్డంగా పడుకుని
తలలు పైకెత్తి వెతుకుతున్నారు.
"దొరికింది! పడవ!" అన్నాడు చిన్నవాడు.
"కాదు, కొంగ" అంది వాళ్ళమ్మ.

పీత, అనబోయి
తువ్వాళ్ళు మళ్ళీ లెక్కపెట్టాను.
నాలుగు. సరిపోయాయి.