ఖాళీ లారీ బరువు

రోజుకి అరవై లారీలు ఎక్కుతాయి నా కాటా మీద.
చీమకుర్తి దుమ్ము అద్దానికి పట్టి
లోపలున్న నన్ను సగమే చూపిస్తుంది డ్రైవర్లకి.
ముందు ఖాళీగా రావాలి.
తర్వాత రాయేసుకుని రావాలి.
రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేది రాయి.
ఆరేళ్లుగా ఇదే నా లెక్క.
పదమూడు వేల ఐదొందలు, నాలుగో తారీకున.

ఒంగోల్లో, కర్నూలు రోడ్డులో, బట్టల కొట్టు ముందు
టై కట్టుకున్న కుర్రాడొకడు ఆపాడు,
"మేడం, కార్డు. జీవితాంతం ఉచితం."
ఆధార్ చూశాడు, పాన్ చూశాడు.
అతని ఫోన్లో ఏదో తిరుగుతుంటే
పొదిగిన గుడ్డుని చూసినట్టు ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.
తర్వాత గొంతు తగ్గించాడు.
"మీకు హిస్టరీ లేదు మేడం."
స్కోరు, మైనస్ ఒకటి.

సున్నా అయితే నాకు తెలుసు.
రోజూ పొద్దున కాటాని సున్నాకి తెచ్చేది నేనే.
మైనస్ చూపించిందంటే
ప్లేటు మీద బురదుండగానే ఎవరో సున్నా కొట్టారని అర్థం.
కడిగి, మళ్లీ కొట్టాలి.
మనిషి మైనస్ చూపిస్తే ఏం కడగాలో?

చరిత్ర లేదంట.
బస్సులో సగం దూరం నవ్వొచ్చింది, ఆ తర్వాత రాలేదు.
మాలకొండయ్య కొట్లో
పురికొసతో మేకుకి వేలాడే పుస్తకంలో
మా ఇంటికి పదకొండు పేజీలున్నాయి.
నూనె, ఉప్పు, బియ్యం నూకలు, మళ్లీ నూనె,
కొట్టేసిన గీతలన్నీ నీలం సిరాలో.
డ్వాక్రా అప్పు గ్రూపు పేరు మీద.
చీటీ అమ్మ పేరు మీద.
నా ఫోను వాయిదాలు మామయ్య పేరు మీద,
నెలనెలా తెచ్చి చేతిలో పెట్టింది నేనైనా.
ఇంతమంది పేర్ల మీద బతికానేమో
నా పేరు అరగనే లేదు.

బ్రాంచిలో ఆఫీసరమ్మది పొదిలి.
"పదిహేను వేలు డిపాజిట్టు వెయ్యి,
దాని మీద పన్నెండు వేలకి కార్డిస్తాం" అంది.
నా డబ్బు తీసుకుని, కొంచెం తగ్గించి
నాకే అప్పిస్తారా అన్నాను.
"అంతే పాపా," అంది.
కాసేపాగి, స్టాంపు వేస్తూ,
"నాకూ మొదట్లో ఇట్టాగే ఇచ్చారు."

వచ్చింది. దార్ల సలోమి అని ఉబ్బెత్తు అక్షరాలు.
నల్లగా, లోపల బంగారు చుక్కలతో
అచ్చం మా గెలాక్సీ రాయిలాగే.
ఎవరూ లేనప్పుడు కాటా మీద పెట్టి చూశాను, నవ్వకండి.
అంకె కదల్లేదు.
ఇరవై కిలోలు లేనిదే నా కాటా కూడా ఎవర్నీ గుర్తుపట్టదు.

ఆరు రోజులు దాన్ని బైబిల్లో దాచాను.
ఏడో రోజు మందుల షాపులో
నాన్న పీల్చుకునే పంపు కొన్నాను, నాలుగొందల పన్నెండు.
కోత మిషను దగ్గర పందొమ్మిదేళ్లు మింగిన రాయి
ఆయన ఛాతీలో ఎంతుందో ఏ కాటా చెప్పదు.
"ఎవరిచ్చారు డబ్బులు?" అన్నాడు.
నేనే, నాకే.
అమ్మ మాత్రం వేళ్ల మీద లెక్కేసింది,
"గడువు దాటితే నూటికి మూడున్నరంట.
మన శేషయ్య మూడే తీసుకుంటాడు కదే."

మాలకొండయ్య దగ్గర ఆ మిషను లేదు.
"నీకెందుకు పాపా కార్డులు,
దీనమ్మ కూతురివి, చాలదా?"
చాలు. నిజంగానే చాలు.
కానీ డబ్బులు ఆలస్యమైన ఒక నెల
ఆ పేరునే పదిమంది ముందు పైకి చదివాడు.
అప్పుడు నా చేతిలో అరకిలో కందిపప్పు పొట్లం ఉంది,
కింద పెట్టాలో పట్టుకోవాలో తెలియలేదు.
మిషను పైకి చదవదు. మెసేజీ పెడుతుంది,
రాత్రి పన్నెండుకైనా సరే, నాకొక్కదానికే.

బిల్లు గడువుకి ముందే కట్టేశాను.
అంకె రావడానికి ఆరు నెలలు పడుతుందంట.

ఇవాళ పొద్దున కొత్త లారీ ఒకటి వచ్చింది,
టైర్ల మీద గోరంత గీతైనా పడలేదు,
అద్దానికి నిమ్మకాయల దండ ఇంకా వాడలేదు.
కుర్రాడికి తొందర.
"ఖాళీ బండే కదక్కా, పంపెయ్."
ఖాళీదే ముందు తూచాలి అన్నాను.
ఇంజను ఆపించాను, అతన్ని దింపాను,
అంకె నిలబడేదాకా ఆగాను.

పదకొండు వేల రెండొందల నలభై.
రాసుకున్నాను.