ఇంటి నంబరు

భీములవారిపాళెం రేవులో
ఒకచేత్తో ట్యాబ్, ఒకచేత్తో చెప్పులు,
మోకాలిలోతు బురదలో నిలబడి కేకేశాను:
"చెంగయ్యా, సర్వే! మీ ఇల్లెక్కడ?"
ఎత్తిన గెడ ఎత్తినట్టే అన్నాడు:
"ఎక్కితే ఇదే మేడం.
ఎక్కకపోతే ఇంక పౌర్ణమికే.
వాడగాలి తిరిగేలోగా దుగరాజపట్నం దాటాల."

ఎక్కాను.
నా కుచ్చిళ్ళ బురదని నాగూరమ్మ
చెంబెడు ఉప్పునీళ్ళతో కడిగింది.
మంచినీళ్ళు తాగడానికేనంట.
తడలో పట్టిన రెండు బిందెలు
మూతులకు గుడ్డ కట్టించుకుని
పడవ నడుమ ఒద్దికగా కూర్చున్నాయి.

గోడలు దేనితో కట్టారని అడిగింది ట్యాబ్.
పైకప్పు: పెంకు, రేకు, స్లాబు.
తాటాకు గూడు కింద తల దూర్చి చూశాను.
చింతపండు కుండ, ఒంటి పొయ్యి,
పాత వల మీద గుడ్లు పొదుగుతున్న
కాలికి తాడు కట్టిన పెట్ట,
మడతపెట్టిన ఒకే ఒక్క దుప్పటి.
'ఇతరములు' నొక్కాను. మళ్ళీ 'ఇతరములు'.
గదులెన్ని?
"వానొస్తే ఒకటి" అంది నాగూరమ్మ.

పదిహేడేళ్ళ కింద ఒక నవంబరులో
తుపాను గుడిసెను తీసుకుని పడవను వదిలేసిందట.
కట్టుకుందాంలే అనుకుంటూ ఒక రొయ్యల కారు,
ఆ తర్వాత ఇంకొకటి.
మొగ పూడిన ఏడాది చెరువులోనే తిరుగుడు,
మొగ తెగిన ఏడాది సముద్రం అంచున,
ఒడ్డున తాళ్ళు కనబడేంత దూరంలో,
ఉత్తరానికి కొన్నాళ్ళు, దక్షిణానికి కొన్నాళ్ళు.
"అలవాటైపోయె" అన్నాడు చెంగయ్య.
అంతకుమించి ఆయన చెప్పలేదు.

"మరి కోపాలొస్తేనో?"
ఇది ట్యాబ్ అడగలేదు. నేనే అడిగాను.
చెంగయ్య చుక్కాని వైపు తిరిగి
విననట్టు కూర్చున్నాడు.
"యాడికి పోతాం తల్లీ, పద్దెనిమిది అడుగులు.
నేను అణియంలో, ఆయన అమరంలో.
కోపమొచ్చిన దినమే పడవ తిన్నగా పోతాది.
కలిసిపోయినప్పుడే తంటా,
ఇద్దరం ఒకపక్కే చేరితే నీళ్ళెక్కుతాయి.
మొన్న కూరలో ఉప్పని ఒక మాటన్నాడు,
కృష్ణపట్నం దాకా నోరిప్పలా నేను.
ఆడ రాత్రిపూట పెద్ద ఓడ దీపాలు చూసి
'అదుగో' అన్నాడు.
సర్లే అనుకున్నా."

ఇంటిముందు నిలబడి లొకేషన్ తీయమంది ట్యాబ్.
నీలిచుక్క ఇరకం దీవి పక్కనించి జారిపోతోంది.
'మీరు నివాసం వద్ద లేరు.'
'మీరు నివాసం వద్ద లేరు.'
చెంగయ్య జాలిపడి గెడ నేలలో దించాడు.
పడవ ఆగింది. నీళ్ళు ఆగలేదు.

తర్వాతి ప్రశ్న:
భార్యాభర్తలు కలిసే నివసిస్తున్నారా?
అవును నొక్కబోయి వేలు కాస్త ఆలస్యమైంది.
నాది సూళ్ళూరుపేట, రెండో అంతస్తు, అద్దె.
లోకనాథ్‌ది తిరుపతి, అలిపిరి రోడ్డులో గది.
మాకు రెండు డోర్ నంబర్లు,
రెండు గ్యాస్ బుక్కులు, మధ్యలో మంచి రోడ్డు.
కోపమొస్తే ఎంత దూరమైనా పోవచ్చు.
పోయాం కూడా.

వేనాడు గట్టున దించుతూ
పేపర్లో చుట్టి ఎండు రొయ్యలిచ్చింది నాగూరమ్మ.
డబ్బులు తీయబోతే
"మా ఇంటికొచ్చి ఉత్తచేతుల్తో పోతావా?" అంది.
'మా ఇంటికి' అన్న మాట
ఏ గడిలో రాయాలో తెలీలేదు.

రాత్రి ఫారం వెనక్కొచ్చింది,
ఇంటి నంబరు గడి ఎర్రగా.
పడవ నంబరు వేసి చూశాను. ఒప్పుకోలేదు.
లైటార్పి పడుకుంటే
పొద్దుటి నీళ్ళింకా ఒంట్లో ఉన్నట్టు
మంచం ఊగింది,
ఒకే పక్కకి.

లేచి కూర్చుని,
రొయ్యల పొట్లాన్ని ఇంకో రెండు కవర్లలో బిగించి కడితే
శనివారం తిరుపతి బస్సులో
వాసనకి కండక్టరు ఒప్పుకుంటాడా లేదా అని
చాలాసేపు ఆలోచించాను.