ఇరవై ఏడు సెడీలు

పుస్తకాలు మూయమని
బల్ల మీద చెప్పుల పెట్టె బోర్లించింది క్వాన్సా మేడం.
తకొరాడి రేవులో పొగచేపలమ్మే ఎసీ పద్దులవి,
మూడు నెలలవి.
నూనె మరకల చీటీలు, సిగరెట్ అట్ట మీద అప్పులు,
ఒకదానికి పొలుసు కూడా అంటుకుని.

పాఠంలో అంకణా ఎప్పుడూ కుదిరేది.
కుదిరేలాగే రాసి ఉంచేవారు మరి.

ఇక్కడ ఇరవై ఏడు సెడీలు తేడా.
అరబా రెండుసార్లు కూడింది. మూడోసారి ఎబో.
కరెంటు పోతే ఫోను వెలుగులో మళ్ళీ.
"నా జేబులోంచి వేసేస్తా మేడం" అన్నాడు ఎబో.
ఆవిడ నవ్వలేదు.
"తొమ్మిదితో భాగించు."
శేషం సున్నా.
అంటే ఎక్కడో రెండంకెలు చోటు మార్చుకున్నాయి.

అరవై మూడుని ముప్ఫై ఆరుగా దింపిన చెయ్యి
తనదేనని
అరబాకి తెల్లారేసరికి తెలిసింది.

పెట్టె తిరిగివ్వడానికి వెళితే
ఎసీ కాగితం వైపు చూడనైనా లేదు.
పొగకి ఎర్రబడ్డ కళ్ళు ఎత్తి
"ఇంతకీ నాకెవరు ఎంత బాకీ?" అంది.

నోట్సులో లేని ప్రశ్న.
అరబా నోరు తెరిచింది,
సిగరెట్ అట్ట మీది పేర్లు
ఒక్కొక్కటే, అంకెలతో సహా, పైకొచ్చాయి.

నాలుగో పేరు దగ్గర
ఎసీ తను కూర్చున్న పీట
ఇటు జరిపింది.