అనుమతించు

ఉదయగిరి బస్టాండు ఎదురుగా
ఆరడుగుల సెల్లు కొట్టు నాది.
రీచార్జీలు, పగిలిన అద్దాలు, చార్జర్ పిన్నులు.

చెక్కపొట్టు కొంగుతో దులుపుకుంటా
షంషాద్‌బీ మెట్టెక్కింది ఆ రోజు.
గరిటెలు చెక్కుతుంది. నర్ది కర్ర, బిక్కి కర్ర.
వేళ్ళ నిండా ఉలి గాట్లు.
రేషన్ మిషను ఆమె ముద్రని
ఒక్కసారికి ఏనాడూ గుర్తుపట్టలేదు.
"మోటరు కాలిపోయిందబ్బయ్యా,
ఫోన్లోనే డబ్బులిస్తారంటనే, చూడు" అంది.

చూశాను.
కాంటాక్టులు చూడొచ్చా? అనుమతించు.
ఫొటోలు చూడొచ్చా? అనుమతించు.
ఎక్కడుందో చూడొచ్చా?
అనుమతించు, అనుమతించు.
ఆమె ఫోను, నా బొటనవేలు.
బయట సీతారామపురం బస్సు హారన్ కొడుతుంటే
తొందర్లో నొక్కాను, చదవలేదు.
చదివినా నొక్కేవాణ్ణే.
నలభై రూపాయలు నా కూలి.

"ఇట్టా చూడు షంషాదమ్మా, ఒకసారి కన్నార్పు."
ఆర్పింది.
ఫొటో దిగినందుకు కొంచెం సిగ్గుపడింది కూడా.

ఐదు వేలన్నారు. మూడు వేల నూరు పడింది.
మిగతాది ఏమైందో ఇంగ్లీషులో ఉంది.
ఏడు రోజుల్లో కట్టాల్సింది మాత్రం ఐదు వేలే.
గరిటెకి ఆమెకి మిగిలేది పన్నెండు.
తర్వాతెప్పుడో క్యాలిక్యులేటర్ కొట్టి చూశాను:
నాలుగు వందల పదహారు గరిటెలు,
అప్పటికీ ఎనిమిది రూపాయలు తక్కువ.

ఆమెకి చదువు రాదు.
నంబర్లకి పేర్ల బదులు బొమ్మలు పెట్టిచ్చింది నేనే.
కూతురికి రోజా పువ్వు.
కర్ర తెచ్చే పెంచలయ్యకి చెట్టు.
ఆత్మకూరు ఆసుపత్రి నర్సుకి సూది.
చచ్చిపోయిన మొగుడికి చందమామ;
ఆ నంబరిప్పుడు కందుకూరులో ఎవరిదో.

ఎనిమిదో రోజు తెల్లారేసరికి
పువ్వుకి పోయింది, చెట్టుకి పోయింది,
సూదికి, చందమామకి పోయింది
ఆ కన్నార్పిన ఫొటో,
కింద ఎర్రక్షరాల్లో దొంగ అని.
మధ్యాహ్నానికి రెండోది,
మెడ కింద ఎవరిదో ఒళ్ళు అతికించి.
దాని గురించి నేను చెప్పను.
చెట్టు కర్ర తేవడం మానేశాడు.
పువ్వు అత్తారింట్లో రెండ్రోజులు తలుపేసుకుంది.

నాకూ వచ్చింది ఫోను.
తెలుగే. మర్యాదగానే మొదలెట్టాడు.
"ఈమె మీకేమవుతుంది సార్?
మిమ్మల్నే హామీ పెట్టింది."
కొట్లో ఇద్దరు కస్టమర్లున్నారు.
"ఎవురో తెలీదు" అన్నాను.
ఎంత నున్నగా వచ్చిందో ఆ మాట,
ఉప్పుకాగితం పెట్టి రుద్దిన గరిటెలాగా.

కమ్మలమ్మి కట్టింది.
కట్టిన రాత్రే, అడక్కుండా,
ఇంకేదో యాప్ రెండు వేలు వేసింది.
మళ్ళీ ఏడు రోజులు.
స్టేషనుకి పోదామన్నాను, ఆలస్యంగా.
"పోతే ఆ ఫొటో చూపియ్యాల కదబ్బయ్యా" అంది.

మొన్న మళ్ళీ మెట్టెక్కింది.
"నంబర్లన్నీ తీసెయ్. ఇంకెవురికీ పోకూడదు."
అవి ఎప్పుడో వెళ్ళిపోయాయని
చెప్పడానికి నోరు రాలేదు.
ఒక్కొక్కటే తీశాను.
చందమామ దగ్గర ఆగి ఆమె మొహం చూశాను.
బయటికి చూస్తా తలూపింది.

చివరికి ఒకటే మిగిలింది,
ఫోను బొమ్మ. నేను.
తొలగించాలా, అని అడుగుతోంది తెర.
"అది ఉండనీ" అంది,
"రీచార్జికి కావాల గదా."

కొంగుముడి విప్పి చిల్లర లెక్కబెడుతోంది.
నా బొటనవేలు
ఇంకా ఆ గాజు మీదే ఉంది.