ఇల్లు అడిగినారంట కదా

మేయ్ ఓబులమ్మా,
నీ ఇల్లు గూడా అడిగినారంట కదా సినిమాకి.
రా, ఈ బండ మింద కూచో.
ఆ సందులో ఎర్రగుండేది చూసి బెదరగాకు,
రకతం కాదు.
బెల్లంపాకంలో రంగు కలిపినారంట.
మూడు వానలు పడె, ఇంగా పోలేదు.
చీమలు మాత్రం దినామూ వచ్చి చూసిపోతాయి.

ముందొకడొస్తాడు, టోపీ పెట్టుకోని.
రెండు చేతులూ చట్రం మాదిరి పట్టి
వాకిలి చూస్తాడు, దూలం చూస్తాడు, నిన్ను చూడడు.
“ఇట్లాంటి ఇల్లు దొరకాలంటే అదృష్టముండాల” అంటాడు.
నలభై ఏండ్లుగా కారే కప్పు ఇది,
మా అత్త గూడా ఎప్పుడూ అంత మాట అన్లేదు.
కాయితమొకటి ఇస్తాడు.
ఎట్లుండే ఇల్లు అట్లే అప్పజెప్తామని రాసుంటాది దాంట్లో.
వేలిముద్ర ఎయ్యకముందే అడుగు,
ఎట్లుండెనో ఎవురు గుర్తుపెట్టుకుంటారని.

రెండు దినాలన్నారు. ఆరు దినాలు.
జనరేటర్ సద్దుకు ఎనుము పాలు చేపలేదు.
దానికి దుడ్లు రాయించుకోలేదు నేను,
నువ్వు రాయించుకో.
మంచాలన్నీ బయటికి,
మేమేమో కుళ్లాయప్ప వాళ్ల కొట్టంలోకి.
ఉప్పు డబ్బాకని నా ఇంట్లోకి నేను పోతే
“అమ్మా, ఫ్రేములో ఉండావు, జరుగు” అంటాడు
మీసం గూడా రాని పిల్లోడు.

మన ఇల్లు వాండ్లకు చాలదు మేయ్.
నాకుండేది ఒకే కొడవలి, కసువు కోసేది.
వాండ్లు పద్నాలుగు తెచ్చి గోడకు తగిలించిరి.
“కడప ఇల్లు కదమ్మా!” అంట,
కడపలో పుట్టినదానికి చెప్తాండాడు.

చచ్చేవాడు మాత్రం మంచోడు.
ఆదోని పిల్లోడు, ఉరుకుందు అని.
పదకొండుసార్లు చచ్చె, ఈ బండమిందనే.
మే నెల ఎండకు బండ పెనం మాదిరి కాల్తాంటే
వీపు ఆనీలేక మెలికలు తిరుగుతాండాడు,
“చచ్చినోడివి, కదలగాకు!” అని మైకులో తిట్లు.
చావుకొక చెంబు మజ్జిగ ఇస్తి.
పన్నెండో చెంబు, బతికినందుకు.

గోడ సంగతి చెప్తా విను.
వసారా గోడ. బొగ్గుతో నా పాల లెక్క.
అచ్చరాలు రావు గదా నాకు, గీతలే.
సున్నా చుడితే హోటల్ సుబ్బన్న,
నిచ్చెన గీస్తే కరెంటు బాబయ్య,
గొడుగు గీస్తే టీచరమ్మ.
మూడేండ్ల బాకీలు.
తెల్లారి వచ్చి చూస్తే గోడంతా ఇటుకరంగు.
అది ఆరకముందే
పాతగోడ మాదిరి కనపడాలని
ఇంగొకడు మసి పూస్తాండాడు.
నా మసి తుడిచి, వాండ్ల మసి.

బాబయ్య వచ్చె.
ఏ లెక్కా అడక్కుండా పదహారు నూర్లు
గూట్లో పెట్టి పోయె.
సుబ్బన్న గోడ తట్టు ఒకసారి చూసె,
“యాడుంది?” అనె.
టీచరమ్మకు ఇంగా సెలవులంట.
అప్పుడు తెలిసె మేయ్,
ఎవురు నాకు బాకీనో, ఎవురు గోడకు బాకీనో.

సినిమా వస్తే ప్రొద్దుటూరికి పోయి చూస్తిమి.
హీరో మన వాకిలి తోసె.
నా పసుపే, నేను పూసిన గడపే.
లోపల మన ఇల్లు లేదు.
నున్నటి రాళ్లంట, మెట్లంట, కప్పునుంచి దీపాల గుత్తంట,
అదంతా హైదరాబాదులో కట్టిందంట.
లేచి నిలబడితి. వెనకోడు “కూచో అవ్వా” అనె.

ఆ రాత్రి ఇంటికొచ్చి తాళం తీసేటప్పుడు
రవ్వంతసేపు చెయ్యి నిలిచిపోయె,
లోపల ఏ ఇల్లుంటుందో అని.
సంగటి కుండ యాడిది ఆడనే ఉండె.

ఇయ్యి, నేను వద్దనను.
వాండ్లిచ్చిన దుడ్లతోనే ఈ కప్పు కారకుండా అయ్యింది.
అయితే వాండ్లొచ్చేలోపల
నీ మనవరాలి సెల్లులో గోడలన్నీ ఫోటో తీయించు.
ముందర ఎవురూ నిలబడొద్దండి.
ఉత్త గోడలు.