ఒక ఇటుక తక్కువ

ఆదివారం. మిషను మీద గుడ్డ కప్పి
ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని బుచ్చిలో బస్సెక్కాను.
మా అక్క కొడుకు పెంచల సాయి, వాడి చెల్లెలు చిట్టి,
ఎదురింటి మస్తాన్‌బీ కూతురు రిజ్వానా.
ముగ్గురికీ నేను కుట్టిన బట్టలే.
సాయిగాడి నిక్కరుకు మాత్రం జేబులు లోతుగా పెట్టాను,
గోలీలు జారిపోతున్నాయని ఏడిస్తే.

నెల్లూరు మ్యూజియంలో బొమ్మ ఇటుకల ఎగ్జిబిషన్.
పోయే దారిలో ముక్కు విరిగిన రాతి బొమ్మలు,
రాజులెవరివో తుప్పు పట్టిన కత్తులు.
పిల్లలు అటు తల తిప్పలేదు.
ఇన్ని వందల ఏళ్ళు ఆగాయి,
ఇంకో ఆదివారం ఆగలేవా అనుకుని నేనూ నడిచాను.

హాల్లో గోరంత ఇటుకలతో ఊళ్ళకు ఊళ్ళే.
ఉదయగిరి కొండ గోధుమ రంగులో మెట్లు మెట్లుగా.
పులికాట్ ఫ్లెమింగోలు ఒంటికాలి మీద.
ఒకదాన్ని మాత్రం కనపడకుండా దారంతో కట్టారు,
నా కళ్ళు దారాన్ని వదలవు.

చేతులు వెనక్కి కట్టుకోండన్నాడు కాపలా ఆయన.
కట్టుకున్నారు.
రిటైరైన తాసిల్దార్లు ముగ్గురు
పొడుగునా తనిఖీ చేసుకుంటూ పోయినట్టుంది.

ఒక ఊరి ముందు రిజ్వానా గొంతుక్కూర్చుంది.
పసుపు మొహాల మనుషులు, అందరిదీ ఒకే నవ్వు.
"ఆంటీ, వీళ్ళకెవరికీ పన్ను నొప్పి రాదా?"
పోలీసున్నాడు, డాక్టరున్నాడు, ఐస్‌క్రీం బండాయన ఉన్నాడు.
"నీ షాపు యాడుండాది పిన్నీ?" అంది చిట్టి.
వెతికాం. ఆ ఊళ్ళో దర్జీ లేదు.
మరి బట్టలెవరు కుట్టారంటే
బట్టలు కావవి, ఒంటి మీదే రంగు.
ఆ ఊరు నాకంతగా నచ్చలేదు.

హాలు మధ్యలో పెన్న వంతెన.
కింద నీలం ఇటుకలు, గట్టు నుంచి గట్టుకు నిండుగా,
మన పెన్నను ఎప్పుడూ చూడనివాళ్ళు కట్టినట్టు.
మొత్తం ఎన్ని ఇటుకలో పక్కన అట్ట మీద రాసిపెట్టారు.
ఆ లెక్క చదువుతూ నిలబడ్డాను.
సాయిగాణ్ణి చూడలేదు.

తిరుగు బస్సులో నిలబడేందుక్కూడా చోటు లేదు.
నిజం వంతెన వచ్చింది. కింద ఇసుక,
ఆ ఇసుకలో పాపిట తీసినట్టు సన్నటి నీళ్ళు, నాలుగు బర్రెలు.
ఉన్నట్టుండి చిట్టి నా కొంగు పట్టుకుని ఏడుపు.
"అన్నని దిగమను పిన్నీ, వంతెన పడిపోతాది!"
"ఎందుకే?"
"దాని ఇటుక వాడి జేబులో ఉండాది."
సాయిగాడు జేబు మీద చెయ్యేసి కిటికీలోకి తిరిగాడు.
కండక్టరు పకపకా నవ్వాడు.
ముందు సీటు ముసలాయన నవ్వలేదు,
కోవూరు గట్టెక్కేదాకా కమ్మీ వదల్లేదు.

పసుపుపచ్చది. పైన ఎనిమిది బొడిపెలు.
వాణ్ణి కొట్టలేదు.
జేబు అంత లోతుగా పెట్టింది ఎవరు మరి.

మంగళవారం లైనింగు గుడ్డకు నెల్లూరు పోతూ
రుమాల్లో ముడేసి తీసుకెళ్ళాను.
కాపలా ఆయన, పేరు అంకయ్యట,
కళ్ళజోడు తగిలించి వంతెన చుట్టూ రెండుసార్లు తిరిగాడు.
ఇక్కడ ఆన్చి చూశాడు, అక్కడ ఆన్చి చూశాడు.
ఎక్కడా సందు లేదు.
అసలా వంతెనలో పసుపు ఇటుకే లేదు.
"యాడిదమ్మా ఇది?"
నాకేం తెలుసు. చిట్టినడిగితే
ఇప్పటికీ వంతెనదే అంటుంది.

కాసేపు అరచేతిలో ఆడించి
ఆయన చొక్కా జేబులో వేసుకున్నాడు.
టక్కున నేల మీద పడింది.
జేబు అడుగున కుట్టు విడిపోయి ఉంది,
ఎన్నాళ్ళ నుంచో.

రవిక అంచున సూది ఎప్పుడూ గుచ్చుకునే ఉంటాను.
ఖాకీ దారం లేదు, నల్లదే ఉంది.
"కదలొద్దు" అన్నాను.
రాజుల కత్తుల పక్కన
చేతులు వెనక్కి కట్టుకుని
బుద్ధిగా నిలబడ్డాడు.